సర్కారు ఛానల్లో నా అసలు ధర

సొంత నోటితో సొంత దుకాణాన్ని ముంచుకున్న మేధావిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే జగిత్యాల రండి. బట్టల దుకాణంలో గల్లా వెనక మొహం దాచుకుని కనబడతాను.

నాలుగేళ్ల కిందట కోరుట్ల నుంచి భూమక్క అనే ఆవిడ వచ్చింది. కొడుకు పెళ్లిలో చుట్టాలకు పెట్టడానికి నలభై సిరిసిల్ల చీరలు కావాలంది. నా ధర విని, "సగానికియ్యి సేటూ" అంది.

"కొండగట్టు అంజన్న మీద ఒట్టక్కా! గీ రేటుల నాకు రూపాయి మిగలదు."

అంజన్న మీద రోజుకు పది ఒట్లు వేసేవాణ్ని. ఆయన కొండ దిగి రాడని నా ధీమా. భూమక్క నమ్మీ నమ్మక, "ఇంట్ల అడిగి చెప్త" అని వెళ్లిపోయింది.

ఆ వారమే సర్కారు ఛానల్లో సిరిసిల్ల చీరల మీద ప్రత్యక్ష ప్రసారం. ఎవరైనా ఫోన్ చేసి మాట్లాడవచ్చట. పైసా ఖర్చులేని ప్రచారం! వెంటనే భూమక్కకు ఫోన్ చేసి, "అక్కా, రేపు పదకొండింటికి టీవీ పెట్టుండ్రి, నేను మాట్లాడుత" అని డప్పు కొట్టుకున్నాను.

దుకాణంలో టీవీ లేదు. ఆ ఛానల్ యాప్‌లో ఉచితంగా వస్తుంటే టీవీ కొనడానికి నేనేమైనా వెర్రివాణ్నా? నా ఫోన్లో యాప్ తెరిచి, నా భార్య సుజాత ఫోన్ నుంచి కాల్ కలిపాను. ఇంటర్నెట్లో వచ్చే బొమ్మ అసలు ప్రసారానికి అర నిమిషం వెనక నడుస్తుందట. లోకమంతటికీ తెలుసు, నాకు తప్ప.

"హలో, జగిత్యాల నుంచి ఎవరండీ? మీరు లైవ్‌లో ఉన్నారు, చెప్పండి" అంది సుజాత ఫోన్లోంచి ఒక గొంతు.

యాప్ చూశాను. యాంకరమ్మ ఇంకా ఎవరో పెద్దాయనతో మాట్లాడుతోంది.

"ఆగమ్మా! నాకు కండ్లు లేవా? గాయన మాటలింక అయిపోలే" అని గదమాయించాను.

"గా మేడం మిమ్ములనే అడుగుతున్నదయ్యా" అంది సుజాత.

"నీకేం ఎరుక? నా వంతు రానీ. 'లాభం చూస్కోను' అని ఒక్క మాటంటే చాలు, గా కోరుట్ల భూమక్క కరిగి నీళ్లయితది. చీరలు సగానికిచ్చినా మనకు మస్తు మిగులుతది!"

"ధన్యవాదాలండీ" అంది ఆ గొంతు, నవ్వాపుకుంటూ. లైన్ కట్.

నా వంతు రాకుండానే కట్ చేశారని సర్కారును తిట్టబోయాను. అప్పుడే యాప్‌లోంచి ఎవడో అరిచాడు: "ఆగమ్మా! నాకు కండ్లు లేవా?"

ఎవడీ మొరటోడు అనుకున్నాను. రెండో మాటకు గుర్తుపట్టాను. అంతలో నా ఫోన్ మోగి, యాంకరమ్మ మొహాన్ని కప్పేస్తూ తెర మీద భూమక్క పేరు వెలిగింది.

"సేటూ, కరిగిన. సగానికే కట్టియ్యి. మస్తు మిగులుతదంటివి కద, గా మిగిలిన దాంట్లకెళ్లి నలభై జాకెట్ ముక్కలు గూడ పెట్టు."

"అక్కా, అంజన్న మీద ఒట్టు..."

"అంజన్న గూడ టీవీ చూసిండు తియ్యి!"

అప్పటి నుంచి నా దుకాణంలో ఏ బేరమైనా సగం నుంచే మొదలవుతుంది. అందుకే, ఆడపడుచులారా, అన్నదమ్ములారా, ఇదే నా భీషణ ప్రతిజ్ఞ: ఎవరైనా "మీరు లైవ్‌లో ఉన్నారు" అంటే తెర వంక చూడను, నోరు మూసుకుంటాను. ఒట్టు వేయమంటారా? వేద్దును గానీ, అంజన్న నా ఒట్లు తీసుకోవడం మానేశాడు.