ఊపిరి సీసా

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా పిన్ని కొడుకు వంశీ, కారుకి కొత్త వస్తువొకటి బిగించానని, అది చూపించడానికి మా గేటు ముందు ఆపి బోనెట్ ఎత్తాడు. రెండు నల్ల గొట్టాల మధ్య అరచేతిలో ఇమిడేంత అల్యూమినియం డబ్బా తళతళలాడుతోంది. క్యాచ్ క్యాన్ అంటారట. దాని అడుగు భాగాన్ని తిప్పి ఊడదీయగానే మాడిన నూనె, తడి మసి, పుల్లటి ఆవిరి కలిసిన వాసన గుప్పుమంది. లోపల పాలెక్కువైన కాఫీ రంగులో చిక్కటి మడ్డి. "చూశావా అక్కా, ఇదంతా మళ్లీ ఇంజిన్‌లోకి పోయేది," అని వాడు మురిసిపోతుంటే నేను రెండడుగులు వెనక్కి వేశాను. వరండాలో కూర్చున్న నాన్న చదువుతున్న పేపరు కిందికి దించాడు.

ఆ వాసన నాకు పదేళ్ల వయసు నుంచీ తెలుసు. అప్పుడు మేం పటమటలో ఉండేవాళ్లం, నాన్న మెకానిక్ షెడ్డు ఆటోనగర్‌లో ఉండేది. పొద్దున్నే లేతు మిషన్ల కీచుమోతతో మొదలై, రేకులు సాపు చేసే సుత్తి దెబ్బలతో, పెయింటు ఘాటుతో, వెల్డింగు మెరుపులతో ఆ వీధి సాయంత్రందాకా ఒక్క క్షణం ఊరుకునేది కాదు. ఎండాకాలం తారు మెత్తబడి చెప్పులకి అంటుకునేది, వానాకాలం గుంటల్లో నీళ్ల మీద డీజిల్ తేలి నెమలి కంఠం రంగులు తిరిగేది. సెలవు రోజుల్లో నేను షెడ్డు మూల పాత సీటు మీద కూర్చుని పుస్తకాలు చదువుకునేదాన్ని. బేరింగుల కొట్టువాళ్లు కొత్త సంవత్సరానికి పంచే డైరీల్లో ఒకటి నాన్న నాకిచ్చేవాడు. అందులో రోజుకి రెండు వాక్యాలు రాసేదాన్ని. మనుషుల ముందు నోరు విప్పని నాకు ఆ రెండు వాక్యాలే పెద్ద మాటలు.

నాన్నకి ఆ వీధిలో పేరు తెచ్చింది ఆయన అరచేయి. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. లోపలి నుంచి పొగ చేతిని ఎంత బలంగా తోస్తోందో, అరచేతిలో ఎన్ని నల్ల చుక్కలు పడ్డాయో చూసి, ఆ ఇంజిన్ ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పేవాడు. ఆ పొగ తోపుడుని వీధిలో వాళ్లంతా బ్యాక్ కంప్రెషన్ అనేవారు. వేరే షెడ్లలో పని చేయించుకున్నవాళ్లు కూడా ఆ ఒక్క మాట కోసం వచ్చేవారు.

నాకు అర్థమయ్యేలా ఒకసారి ఇలా చెప్పాడు: "ఇంజిన్ కూడా మనిషేనమ్మా. మండిన పొగ కొంచెం కొంచెం కిందికి, ఆయిల్ ఉండేచోటికి దిగుద్ది. దానికి బయటికి దారుండాలి. లేకపోతే ఎక్కడో ఒకచోట తన్నుకుని వచ్చుద్ది."

ఆ పొగ దారిలో నూనె తుంపరని కూడా మోసుకొస్తుంది. అది పట్టడానికి, అరిగిపోయిన బళ్లకి నాన్న బ్యాటరీ పక్కన ఒక ప్లాస్టిక్ సీసా కట్టేవాడు. ఇంజిన్ నుంచి వచ్చే గొట్టం సీసా భుజంలోకి దూరేది. మూతకి కాల్చిన మేకుతో నాలుగు చిల్లులు. నూనె సీసాలో మిగిలేది, పొగ చిల్లుల్లోంచి పోయేది. గవర్నర్‌పేట స్టాండులో పాత తెల్ల డీజిల్ ట్యాక్సీ నడిపే సాంబయ్య బాబాయ్ బండికి అలాంటి సీసానే ఉండేది. ప్రతి ఆదివారం దాన్ని ఒంపే పని నాది. "ఎంతుందమ్మా?" అని నాన్న అడిగితే నోటితో చెప్పకుండా నూనె ఎత్తుని వేళ్లతో కొలిచి చూపించేదాన్ని. శ్రావణంలో రెండు వేళ్లు. వినాయక చవితినాటికి మూడు. దసరాలు మొదలయ్యేసరికి నాలుగు వేళ్లు చాల్లేదు, రెండో చెయ్యి ఎత్తాల్సి వచ్చింది.

"సాంబయ్యా, ఇక ఇంజిన్ విప్పాల్సిందే," అన్నాడు నాన్న.

"ఈ పది రోజులు పోనీండి అన్నగారూ. అమ్మవారి కొండకి వచ్చే జనం ఉంటారు కదండీ. పండగెళ్లగానే మీరే విప్పండి, నేనే స్పానర్లు అందిస్తా," అని నవ్వాడు సాంబయ్య బాబాయ్. ఆయన కూతురు లలిత నా ఈడుదే. బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గోళీలతో మేమిద్దరం షెడ్డు నేల మీద ఆడుకునేవాళ్లం. అది గెలిస్తే గంతులేసేది, నేను గెలిస్తే తలొంచుకునేదాన్ని. "ఓడిపోయినట్టు ఏడుపు మొహం ఏంటే, గోళీలన్నీ నీ దగ్గరే పెట్టుకుని!" అని వెక్కిరించేది.

మహానవమినాడు ఆయుధపూజ. షెడ్డంతా కడిగి, జాకీలకీ స్పానర్లకీ బొట్లు పెట్టి, అరటి పిలకలు కట్టారు. పులిహోర వాసన, గుగ్గిళ్ల తాలింపు, కొట్టిన గుమ్మడికాయల పచ్చివాసన వీధి పొడవునా కలిసిపోయి ఆ ఒక్క రోజూ డీజిల్ కంపుని మింగేశాయి. బండి భాగాలు తుడిచే పని పిల్లలకి అప్పగించారు. సాంబయ్య బాబాయ్ బండి సీసా ఊడదీసి సబ్బు పొడితో కడిగాను. సీసా తెల్లబడింది గానీ మూత మాత్రం జిడ్డోడుతూ, చిల్లులు పడి, పాడైపోయినదానిలా కనిపించింది. ఆ చిల్లులు ఎందుకో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంట్లో అమ్మ పచ్చడి సీసాది ఎర్రటి మూత ఒకటి ఉంది. పరుగెత్తుకెళ్లి తెచ్చాను. సరిగ్గా పట్టింది. గట్టిగా బిగించి, పైన పసుపు రాసి కుంకుమ పెట్టాను.

నాన్న ఇంజిన్ స్టార్ట్ చేయించి అరచేయి ఆనించాడు. చాలాసేపు ఉంచాడు. "పండగెళ్లేదాకా ఏం ఢోకా లేదు, వెళ్లిరా," అని ఆయిల్ మూత బిగించి బోనెట్ మూశాడు. సాంబయ్య బాబాయ్ లలితని కంకిపాడులో అమ్మమ్మగారింట్లో దించడానికి బయల్దేరాడు. చక్రాల కింద నిమ్మకాయలు చిట్లాయి. బండి నా ముందు నుంచి వెళ్తున్నప్పుడు బోనెట్ లోపల సన్నటి కూత వినిపించింది, కుక్కర్ విజిల్ వేసే ముందు ఊపిరి బిగబట్టినట్టు. చుట్టూ పదిహేను మంది మగవాళ్లు ప్రసాదం తింటున్నారు. వాళ్ల మధ్యలోంచి నాన్నని పిలవాలంటే అరవాలి. నేను నోరు తెరిచాను, మూశాను. వెనక అద్దంలోంచి లలిత గోళీల సంచి ఆడిస్తూ కనిపించింది.

ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: సీసాకి ఎర్ర మూత పెట్టాను. చాలా బాగుంది.

అప్పటికే కంకిపాడు దారిలో, కాలువ పక్క రోడ్డు మీద అంతా జరిగిపోయింది. దారి మూసుకున్న పొగ ఆయిల్ కొలిచే కమ్మీని పైకి తన్నింది. నాన్న బిగించిన క్లిప్పులు ఎప్పుడూ ఊడవు కాబట్టి గొట్టం కదల్లేదు. కమ్మీ ఊడిన రంధ్రంలోంచి నూనె అంతా కాగిన సైలెన్సర్ గొట్టం మీద పడింది. పొగ చూసి సాంబయ్య బాబాయ్ ముందు లలితని కిందికి దించేశాడు. తర్వాత బోనెట్ ఎత్తాడు. మంట ఆయన రెండు చేతుల మీదికి వచ్చింది.

లలితకి ఏమీ కాలేదు. ఆయన వేళ్లు మాత్రం మళ్లీ స్టీరింగ్ చుట్టూ మూసుకోలేదు. ట్యాక్సీ స్టాండు వదిలేసి వాళ్లు ఊరు మారిపోయారు. కాలిపోయిన ఇంజిన్‌లో సీసా ఉండాల్సిన చోట ఒక ఎర్రటి ముద్ద అతుక్కుని ఉందని షెడ్డులో ఎవరో అంటుంటే విన్నాను. ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా నాన్న అరచేయి ఆనించలేదు. "కంప్రెషన్ మీటరుంది, దాంతో చూపించుకోండి," అని పంపేసేవాడు. ఆయనకి వయసు మళ్లకముందే షెడ్డు మూతపడింది.

వంశీ మడ్డి చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. నాన్న లేచి వచ్చి, డబ్బాని అటూ ఇటూ చూసి, రెండో గొట్టం ఎటు వెళ్తోందో వేలితో తడిమాడు. దారి ఉందా అని చూస్తున్నాడని నాకు అర్థమైంది.

"నాన్నా, ఆ ఎర్ర మూత నేనే పెట్టాను," అన్నాను.

ఆయన గొట్టం మీద నుంచి వేలు తీయకుండానే అన్నాడు: "తెలుసమ్మా. బోనెట్ మూసేప్పుడు చూశా. పసుపూ కుంకుమా పెట్టి లక్ష్మీదేవిలా ఉంది. ముద్దొచ్చి మూసేశా. చిల్లుల సంగతి బుర్రకి తట్టలేదు. చెయ్యి నాది, మాట నాది. నువ్వు పసిదానివి."

ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఒకే మూతని చెరోవైపు నుంచి మోశాం.

ఇప్పుడు ఆటోనగర్‌లో ఆ షెడ్డు చోట అద్దాల షోరూం ఉంది. పచ్చడి మూతలు పట్టే సీసాలు ఏ బోనెట్ కిందా లేవు, వంశీ డబ్బాకి అన్ని దారులూ ఫ్యాక్టరీలోనే పెట్టి పంపారు. ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చెప్పేవాళ్లూ లేరు, ఉక్కు గోళీల కోసం నేల మీద పాకే పిల్లలూ లేరు.

వంశీ వచ్చి బండి స్టార్ట్ చేశాడు. గేరు వేస్తుంటే, "ఆగు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బోనెట్ దగ్గరికి వంగి చెవి పెట్టాను.

"ఏంటక్కా?"

"ఏం లేదు. వెళ్లు."

కారు సందు మలుపు తిరిగింది. నాన్న నా వైపే చూస్తున్నాడు.

"ఆ రోజు వినపడిందా అమ్మా?"

అలవాటుకొద్దీ వేళ్లు కదిలాయి. వాటిని పిడికిలిలో మూసుకున్నాను.

"వినపడింది నాన్నా," అన్నాను.