సన్నాయి బాజి ఆపరేషన్

దివిసీమలో బాజి ఖాళీగా ఉన్నాడో లేదో కనుక్కున్నాకే పెళ్లి ముహూర్తం పెట్టించుకునేవాళ్లున్నారు. సన్నాయి వాయించేటప్పుడు ఆయన ఎడమవైపుకు ఒరిగి కూర్చుంటాడు. అది రాగంలో పడ్డ పరవశమని జనం మురిసిపోయారు. శిష్యులు కూడా అలాగే ఒరగడం మొదలుపెట్టారు. పాపం, అసలు సంగతి మలద్వారం పక్కన చీము కారే కన్నం. "వేడి చేసిందిలే" అని ఆయనంటే భార్య ఆమినా బీ సబ్జా నీళ్లు కలిపిచ్చేది, ఇరుగుపొరుగులు ముంజలు పంపేవారు. అంత చలవ చేసినా కన్నం పూడలేదు.

చివరికి జ్వరంతో మంచమెక్కితే, డోలు వాయించే నరసింహం బలవంతంగా బందరు తీసుకెళ్లాడు. తీరా చూస్తే ఆడ డాక్టరు. బాజి సిగ్గుతో గోడవైపు తిరిగిపోయాడు.

"ఇది ఫిస్టులా అండీ. లోపల్నుంచి బయటికి సన్నటి దారి పడింది," అన్నారు డాక్టరు ఇందిరాదేవి. "ఆ దారి మొత్తం కోసి తెరిచేస్తే మళ్లీ రావడం తక్కువ. కానీ మీది మలద్వారాన్ని బిగించి పట్టే కండలోంచి లోతుగా వెళ్తోంది. కోస్తే పట్టు సడలొచ్చు. లేదంటే ఆ దారిలోంచి దారం దూర్చి కట్టి, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవచ్చు. దానికి నెలలు పడుతుంది, పట్టు అందులోనూ కొంత తగ్గొచ్చు. ఇంకోటి, కండ జోలికి పోకుండా దారిని మధ్యలో కట్టి మూసెయ్యడం. పట్టుకి భయం తక్కువ, మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ."

"పట్టు సడలితే ఏమవుద్దండీ?"

"గాలి ఆగదు. ఒక్కోసారి మోషనూ ఆగదు."

బాజికి తాళి కట్టే వేళ గుర్తొచ్చింది. గట్టిమేళమంటే పొట్ట బిగించి ఊదాలి. ఎదురుగా పీటల మీద పెళ్లికూతురు, చుట్టూ నాలుగూళ్ల జనం.

"కండ ముట్టుకోకండమ్మా. మళ్లీ వస్తే రానివ్వండి," అన్నాడు.

ఆపరేషన్ రోజు నడుములో మత్తు సూది గుచ్చాక కాళ్లు ఎవరివో అయిపోయాయి. బల్ల మీద పడుకున్న బాజి హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసేచోట తేలుతున్నాడు. ఎప్పుడో పోయిన తండ్రి ఇసుకలో కూర్చుని మోహన ఊదుతున్నాడు. ఆ స్వరం ఎంతకీ తెగడం లేదు. నీళ్లెక్కడ ఆగాయో, పాట ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అంత సుఖం ఆయన ఎన్నడూ ఎరగడు.

గాయం మానాక మొదటి పెళ్లి నాగాయలంకలో. పురోహితుడు వేలెత్తాడు. బాజి కళ్లు మూసుకుని, భయపడుతూనే గుండెల నిండా గాలి పీల్చి ఊదాడు. పట్టు నిలిచింది. తాళి కట్టడం అయిపోయినా ఆయనకు ఆపబుద్ధి కాలేదు. చాలు చాలని పురోహితుడే చెయ్యూపాల్సొచ్చింది.

కొన్నాళ్లకు పంచె మీద మళ్లీ తడి కనిపించింది. ఆమినా బీ మంచం మీద కూలబడింది.

"మొదటే కోయించేసుకుంటే పోయేది కదండీ."

"ఇదంటావా, మళ్లీ చేయించుకోవచ్చు. పట్టు పోతే ఎవరు తెచ్చిస్తారే?" అంటూ బాజి పంచె మార్చుకుని, కోడూరులో పెళ్లికి బయల్దేరాడు.