నాయన మార్చనన్న హీటరు

నా చిన్నప్పుడు, రియాద్‌లో ఒక చలికాలం, మా నాయన పాత హీటరు బాగుచేయించడానికి కొత్తదాని ధరకన్నా ఎక్కువే ఖర్చుపెట్టాడు. కడప నుంచి వెళ్ళి, ఆ ఊళ్ళోనే సులై అనే పేటలో ఒక గోదాముకు లారీ నడిపేవాడాయన. ఆ ఏడు ఎండాకాలంలోనే అమ్మ జబ్బుచేసి పోయింది. అక్కడే మట్టిచేశారు. అక్కడి గోరీల మీద పేర్లుండవు. మళ్ళీ వెళ్ళినా ఏది అమ్మదో నాయనకే తెలియదు.

ఆ హీటరు అమ్మ ఏరికోరి కొన్నది. లోపల నూనె కాగి, ఇనుప రెక్కల్లోంచి సెగ వచ్చేది. చలి మొదలవగానే నూనె కారడం మొదలైంది. "ఇంత ఖర్చెందుకు భాయ్, కొత్తది తీసుకో" అని పాకిస్తానీ మెకానిక్ చెప్పి చూశాడు. నాయన వినలేదు. అతికించి తెస్తే కొన్నాళ్ళకే మళ్ళీ కారేది. గదంతా కమురు వాసన. తమ్ముడికి దగ్గు పట్టుకుంది.

ఒక శుక్రవారం పొద్దున పక్కింటి అక్క మాకోసం బొరుగులతో ఉగ్గాని చేసి తెచ్చింది. అమ్మకు చివరి స్నానం చేయించింది ఆమే. నాయన గొంతుక్కూర్చుని నేల మీది నూనె తుడుస్తున్నాడు. అక్క గిన్నె పక్కన పెట్టి, తనూ ఒక గుడ్డ తీసుకుని తుడవసాగింది.

"అన్నా, చిన్నోడు రేత్రంతా దగ్గుతాండాడు. గోడవతల నాకు ఇనబడతాంది. వదినే ఉండింటే దీన్ని ఎప్పుడో తీసి పారేసింటాది."

"దీన్ని గూడా పంపించేస్తే ఇంట్లో ఇంకేముంటాదమ్మా ఆమెది?"

అక్క మిగిలిన నూనె కూడా తుడిచేసింది. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, "ముందు పిల్లోళ్ళకు ఇంత పెడదాంలే అన్నా" అంది. మాకు పెట్టింది. నాయనకూ పెట్టింది. తినేటప్పుడు తమ్ముడు దగ్గుతుంటే నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

సాయంత్రం ఆయన కొత్త హీటరు తెచ్చాడు. పాతదాన్ని శుభ్రంగా తుడిచి, ఎత్తుకెళ్ళి వీధి చివర పెట్టి, పాత ఇనుము ఏరుకునే మనిషి వచ్చి తీసుకెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాడు. లోపలికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. గది వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం మీద నాకు కోపం వచ్చింది. అయినా నిద్ర పట్టింది. తమ్ముడూ దగ్గకుండా నిద్రపోయాడు.

ఇప్పుడు నాకూ వయసు మళ్ళింది. పోయినవాళ్ళ వస్తువు పట్టుకుని కూర్చున్నవాళ్ళను ఎందరినో చూశాను. వదిలెయ్యమని ఎవరికీ చెప్పలేదు. పక్కన కూర్చుని, ఇంట్లో పిల్లలు తిన్నారా అని మాత్రం అడుగుతాను.