గడ్డం ఆనించి విన్న గిటారు

మా బావ చెవులు పోతున్నాయని ఆయనకంటే ముందు నాకే తెలిసింది. ఆ సంగతి ఆయనతో చెప్పడానికి నాకు భయం వేసింది. రెండేళ్ళపాటు ఆయన్ని ఆటపట్టిస్తూ గడిపాను గానీ, నోరు తెరిచి ఒక్క మాట అనలేకపోయాను. ఈ కథలో నేను గొప్పవాడిగా కనిపించను, ముందే చెబుతున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. ఊరికి నీళ్ళు పంపే పంపు హౌసులో ఆపరేటరు. ఇరవై రెండేళ్ళుగా నాలుగు పెద్ద పంపుల మధ్య బతుకుతున్నాడు. అక్కడ మీటర్లున్నాయి, ఎర్ర దీపాలున్నాయి, కానీ ఆయన నమ్మేది చెవినే. గంటకోసారి పొడుగాటి స్క్రూడ్రైవరు పట్టుకుని బయలుదేరతాడు. దాని మొన పంపు ఇరుసుని మోసే బేరింగు మీద ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకి నొక్కిపెట్టి కళ్ళు మూసుకుంటాడు. బేరింగు చెడిపోబోతోందని నెల ముందే చెప్పేస్తాడు. పెళ్ళయిన కొత్తలో అక్క దీనికి తెగ మురిసిపోయేది. పదేళ్ళు గడిచాక పాట మారింది.

"ఊళ్ళో పంపులన్నిటి గోడూ వింటారు మీ బావ. ఇంట్లో ఉప్పు అయిపోయిందంటే మాత్రం వినపడదు."

మేమందరం నవ్వేవాళ్ళం. అక్క గొంతు ఏటికేడాది పెరుగుతోందని మాత్రం ఎవరూ గమనించలేదు.

ఆయనకి రెండో ప్రాణం బేస్ గిటారు. నాలుగు లావుపాటి తీగలుండే కరెంటు గిటారు, పాటని అడుగున ఉండి మోసేది. ఆయన బేసు, నేను డ్రమ్ములు, రిటైరైన లెక్కల మాస్టారు మామూలు గిటారు. మమ్మల్ని కచేరీకి ఎవరూ పిలవలేదు, పిలుస్తారన్న భ్రమ కూడా మాకు లేదు. మొదట్లో మాస్టారి మేడ మీద వాయించుకునేవాళ్ళం. ఆయన ఆ మేడ అద్దెకి ఇచ్చేశాక మా కొట్టు వెనక గదికి మారాం. నాది అద్దాల కొట్టు. గోడ వారగా స్టాండుల్లో నిలబెట్టిన అద్దాల పలకల మధ్య, ఆదివారం పొద్దున్నే మా వాయింపు.

బావ మొదటి గిటారు సెకండ్ హ్యాండుది. నల్ల రంగు అరిగిపోయి, చెయ్యి ఆనేచోట కర్ర బయటపడి ఉండేది. దానితో పన్నెండేళ్ళు సుఖంగా ఉన్నాడు. మా కొట్టుకి మారిన మొదటి ఆదివారమే లావు తీగ మీటి మొహం చిట్లించాడు.

"దీని పని అయిపోయిందిరా. అడుగు స్వరం రావట్లేదు."

నాకు బాగానే వినిపించింది. సాక్ష్యం కూడా ఉంది. ఆ తీగ మోగినప్పుడల్లా స్టాండులోని పల్చటి అద్దాలు అదిరి సన్నగా జర్రుమన్నాయి. బావకి కొత్త గిటారు మీద మోజు పుట్టింది, అక్క దగ్గర చెప్పుకోవడానికి వంక వెతుకుతున్నాడు అనుకున్నాను.

ముందు తీగలు మార్చాడు. తర్వాత పికప్పు మార్పించాడు. అంటే తీగల కింద ఉండి, వాటి కదలికని కరెంటుగా మార్చి పంపే ముక్క. అదీ చాలక స్పీకరు పెద్దది తెచ్చాడు. ఒక్కో మార్పుకీ అద్దాల మోత పెరిగింది.

"కాస్త తగ్గించవయ్యా, నా గిటారు నాకే వినపడ్డం లేదు!" అని మాస్టారు మొత్తుకునేవారు.

బావ నవ్వుతూ తల ఊపి, స్పీకరు శబ్దం ఇంకాస్త పెంచేవాడు. మొండితనం కాదు, మాస్టారేమన్నారో వినపడక పెంచుతున్నాడని ఒక ఆదివారం నాకు తట్టింది. ఆ రోజు తాళం రెండు సార్లు తప్పాను.

చివరికి కొత్త గిటారు కొనాలని తీర్మానించాడు. నెల రోజులు బొమ్మలు చూశాడు, బరువులు పోల్చాడు, నాలుగు తీగలా ఐదు తీగలా అని అక్క బుర్ర తిన్నాడు. అంత సంబరం ఆయన మొహంలో ఎన్నడూ చూడలేదు. గిటార్ల కొట్టుకి నన్ను తోడు తీసుకెళ్ళాడు. కొట్టాయన స్పీకరు వైరు తగిలించబోతే వద్దన్నాడు. స్టూలు మీద కూర్చుని, గిటారు పైన పొడుచుకొచ్చిన కొమ్ముకి గడ్డం ఆనించి, లావు తీగ మెల్లగా మీటి కళ్ళు మూసుకున్నాడు. అచ్చం పంపు దగ్గర స్క్రూడ్రైవరు పెట్టుకున్నట్టే.

"ఇదిరా! ఎంత లోతుందో చూడు!"

ఎనిమిది గిటార్లు అలాగే విన్నాడు. ఎనిమిదీ నచ్చాయి. ముదురు గోధుమ రంగులో ఐదు తీగలది ఎంచుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. ఆదివారం మా గదిలో భుజాన తగిలించుకుని, నిలబడి వాయించేసరికి మొహం వాడిపోయింది.

"కొట్లో ఒకటి చూపించి ఇంకోటి అంటగట్టాడ్రా వాడు."

మర్నాడే పోట్లాడటానికి వెళ్ళాడు. అక్కడ మళ్ళీ గడ్డం ఆనించి మీటాడు. బ్రహ్మాండంగా ఉంది. ఏమీ అనలేక తిరిగొచ్చాడు.

ఇక నాకు అనుమానం మిగల్లేదు. ఎముక గుండా వెళ్ళిన శబ్దం ఆయనకి చేరుతోంది. గాలిలో వచ్చింది చేరడం లేదు. పంపుల్ని కూడా ఎముకతోనే వింటాడు కాబట్టి, రోజువారీ పనిలో సంగతి బయటపడే దారే లేదు. చెవిని నమ్ముకుని బతికే మనిషితో 'నీ చెవి పోతోంది' అని ఎలా అంటాను? మూడేళ్ళకోసారి జరిగే వైద్య పరీక్షలో ఫెయిలైతే, గేటు దగ్గర కూర్చోబెట్టి వచ్చేపోయే వాళ్ళ పేర్లు రాయిస్తారు. నా నోటితో ఆయన్ని ఆ గేటు దగ్గరికి పంపలేను.

"ఇంకో రెండు తీగలు కట్టించుకో బావా, అప్పుడైనా వినపడుతుందేమో," అన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు.

ఒక మధ్యాహ్నం పంపు హౌసు కిటికీ అద్దం పగిలిందంటే కొలత తీసుకోవడానికి వెళ్ళాను. ఇంకా మెట్ల మీద ఉండగానే మూడో పంపు కరకరమని రుబ్బుతున్న చప్పుడు వినిపించింది. మిగతా మూడింటి హోరుని దాటుకుని వస్తోంది. యంత్రాల గురించి ఓనమాలు తెలియని నాకే ఏదో విరగబోతోందని తెలిసిపోయింది. బావ దానికి పది అడుగుల దూరంలో బల్ల దగ్గర కూర్చుని, రిజిస్టరులో రీడింగులు వేసుకుంటూ ఈల వేస్తున్నాడు.

"బావా! మూడోది! మూడోది చూడు!"

తల ఎత్తలేదు. గడియారం చూసుకుని లేచాడు. స్క్రూడ్రైవరు తీసుకుని మొదటి పంపు దగ్గరికి నడిచాడు. తర్వాత రెండో దాని దగ్గరికి. తాపీగా. నేను మెట్లు దిగి పరిగెత్తి చేరేలోపు మూడోదాని మీద మొన ఆనించాడు, ఉలిక్కిపడ్డాడు, ఎర్ర మీట కొట్టి ఆపేశాడు. ఇంకాసేపు తిరిగుంటే ఆ ఇరుసు విరిగి ఎగిరేది. ఎదురుగా ఉన్నది ఆయనే.

వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా, ఎలా పట్టేశానో! ఇంకెవడైనా అయితే కొంప మునిగేది."

"నీకు తిరుగులేదు బావా," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

ఆ రోజు నుంచి ఫోను మోగితే చాలు, పంపు హౌసు నుంచేమో అనుకునేవాణ్ణి. అక్క నంబరైతే ఎత్తడానికి చెయ్యి వచ్చేది కాదు. ఈ రోజు చెప్పేస్తాను, ఈ ఆదివారం చెప్పేస్తాను అనుకుంటూ నాలుగు నెలలు నెట్టాను. వైద్య పరీక్ష రానే వచ్చింది. బావ తప్పాడు. పెద్ద డాక్టరు దగ్గరికి పంపించారు. అక్కా నేనూ తోడు వెళ్ళాం.

డాక్టరమ్మ రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి మోగించి ఆయన చెవి ముందు పట్టుకుంది.

"వినపడుతోందా?"

బావ ఆమె పెదాల కేసి చూశాడు, కడ్డీ కేసి చూశాడు. లేదన్నాడు. ఆమె కడ్డీని చెవి వెనక ఎముకకి ఆనించింది.

"ఇప్పుడు?"

బావ వెంటనే తల ఊపాడు. ఊపుతూ ఊపుతూ ఆగిపోయాడు. కొట్లో విన్న ఎనిమిది గిటార్లూ, మూడో పంపూ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి ఆయనకి. అక్క ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెవి లోపల చిన్న ఎముక బిగుసుకుపోయింది," అంది డాక్టరమ్మ గట్టిగా. "కుడి చెవికి ఆపరేషను చేస్తే చాలావరకు రావచ్చు. ఉన్నది కూడా పోయే ప్రమాదం కొంచెం ఉంది. ఎడమ వైపు నరం కూడా దెబ్బతింది, దానికి ఆశ పెట్టుకోకండి. కాస్త ముందు వచ్చుంటే బాగుండేది. ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"తెలీదండీ," అన్నాడు బావ. "గిటారు చెడిపోయిందనుకున్నాను."



ఆపరేషనుకి ముందు రోజు పొద్దున్నే మా కొట్టుకొచ్చాడు. వైరు తగిలించలేదు. కొత్త గిటారుకి గడ్డం ఆనించి, మాకొచ్చిన పాటలన్నీ వరసగా వాయించాడు. నాకు తీగల టకటక తప్ప ఏమీ వినిపించలేదు. ఆయనకి మాత్రం అంతా వినిపిస్తోంది.

"కుడి చెవి కూడా పోతే ఇలాగే వాయించుకుంటానురా," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "చాలా భయంగా ఉంది."

నాకూ భయంగానే ఉంది. అదైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆపరేషను అయింది. కట్టు విప్పాక కూడా పెద్ద శబ్దాల దగ్గరికి పోవద్దన్నారు. రెండు నెలల తర్వాత, డాక్టరమ్మ సరేనన్నాక, ఒక ఆదివారం మాస్టారి కంటే ముందే వచ్చాడు. పాత నల్ల గిటారు తెచ్చుకున్నాడు. స్పీకరు బాగా తగ్గించి పెట్టాడు. నిలబడి, గడ్డం పైకెత్తి, లావు తీగ మీటాడు.

"వస్తోందిరా," అన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. "దీనికేం కాలేదురా, వస్తోంది."

మళ్ళీ మీటాడు. ఈసారి తల పక్కకి వంచి, కుడి చెవి గోడ వైపు తిప్పాడు.

"ఒరేయ్, ఏంటా జర్రుమనే చప్పుడు?"

"అద్దాలు బావా. నువ్వు ఆ తీగ మీటితే అదురుతాయి."

"ఎప్పట్నుంచి?"

అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. ఈసారి మింగేశాను.

"మనం ఇక్కడికొచ్చిన మొదటి రోజు నుంచి."

"అంటే, అడుగు స్వరం రావట్లేదని నేనన్న రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

ఆయన అరచెయ్యి మెల్లగా ఎడమ చెవి మీదికి వెళ్ళింది. తిడతాడని చూశాను. తిడితే బాగుండునని చూశాను.

"నువ్వు విన్నావు కదరా," అన్నాడు.