రాజు గారి పుట్టుమచ్చ ఏ చెంపన ఉంది?

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ముందే చెప్పేస్తాను. నాలుగేళ్ల ఉద్యోగంలో చివరి వారం దాకా నేను ఒక్క కస్టమర్ ముఖాన్నీ నేరుగా చూడలేదు. అందరినీ అద్దంలోనే చూశాను.

2018 జూన్‌లో భీమవరంలోని ఒక ఫోటో స్టూడియోలో డిజైనర్‌గా చేరాను. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఓ మూల కూర్చుని పుస్తకాలు చదువుకుంటున్న నన్ను మా నాన్న అక్కడ చేర్పించారు. నలుగురిలో పడితే బెరుకు పోతుందని ఆయన ఆశ. యజమాని సత్తిబాబు గారు ఫోటోలు తీసేవారు. వాటిని కంప్యూటర్‌లో సరిచేయడం నా పని. వెనక షెడ్డులో ఆపరేటర్ ఫ్లెక్సీ మీద ప్రింటు వేసేవాడు. హోదాలో నేను వాళ్లిద్దరికీ మధ్యదాన్ని. నా బల్ల గోడవైపు ఉండేది. మానిటర్ పక్కనే, ఫోటోకి ముందు కస్టమర్లు తల దువ్వుకోవడానికి నిలువుటద్దం బిగించారు. వెనక ఎవరొచ్చి నిలబడినా అందులో కనబడేవారు. నేను అందులోకి చూసే మాట్లాడేదాన్ని. పనిమీద శ్రద్ధ అనుకుని సత్తిబాబు గారు మెచ్చుకునేవారు. నిజానికి ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలంటే నా అరచేతులకి చెమట పట్టేది.

పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ముఖం మీద మచ్చలూ మొటిమలూ తీసేయడాన్ని క్లీనింగ్ అంటాం. ఆ తర్వాత కళ్ల కింద నలుపు తగ్గించి, రంగు తేలుస్తాం, అంటే కొంచెం తెల్లబరుస్తాం. రంగు తేల్చమని ఎవరూ అడగరు, తేల్చకపోతే మాత్రం ఊరుకోరు. పుట్టుమచ్చ జోలికి వెళ్లకూడదు, అది మనిషి గుర్తు. చివరికి ప్రింటుకి పంపేముందు కస్టమర్‌కి చూపించి సరేననిపించుకుంటాం. దాన్ని ప్రూఫ్ అంటారు. ఈ ప్రూఫ్ దగ్గరే మనుషుల సంగతి తెలుస్తుంది. పెళ్లికొడుకు తన ముఖం బాగాలేదని నసుగుతాడు. వెనక నిలబడ్డ పదిమందీ బ్రహ్మాండంగా ఉందంటారు. ఆ పదిమంది ఫోటోలూ తీసి చూపిస్తే, మళ్లీ ఎవరి ముఖం దగ్గర వాళ్లే ఆగిపోతారు.

మరుసటి ఏడాది వేసవిలో రామభద్రరాజు గారు, ఆయన భార్య సీతాదేవి గారు వచ్చారు. మొగల్తూరు దగ్గర వాళ్లకి రొయ్యల చెరువులున్నాయి. రాజు గారి షష్టిపూర్తికి ఫ్లెక్సీ కావాలి. కానీ ఆయన ఫోటోకి నిలబడే మనిషి కాదు. తన ముఖం ఫోటోకి పనికిరాదని చిన్నప్పుడే తేల్చేసుకున్నారట. పెళ్లి ఆల్బమ్‌లో తాను ఉన్న పేజీలన్నీ ఒకదానికొకటి అంటించేశారట. ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటి కూడా గోడమీద లేదని, ఈసారైనా పెట్టుకోవాలని సీతాదేవి గారి కోరిక. రాజు గారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఫోటో కుదిరితే పందిరి వేసి అందరినీ పిలుస్తారు. కుదరకపోతే ఇద్దరూ అన్నవరం వెళ్లి వ్రతం చేసుకుని చప్పుడు చేయకుండా వచ్చేస్తారు. ఆవిడ అప్పటికే పట్టుచీర కొనేసుకున్నారు.

సత్తిబాబు గారు ఫోటోలు తీశారు. నేను ఎంతో శ్రద్ధగా క్లీనింగ్ చేసి చూపించాను. రాజు గారు చాలాసేపు చూసి, ఈయన్ని ఎక్కడో చూసినట్టుందన్నారు. రెండోది చూసి, చెరువు దగ్గర మోటార్లు ఎత్తుకుపోయేవాడిలా ఉన్నాడన్నారు. మూడోది చూసి, అన్నవరానికి కారు మాట్లాడమని భార్యతో చెప్పారు. సీతాదేవి గారు చీర సంచి గట్టిగా పట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయారు.

వెళ్లేముందు ఆయన అద్దం దగ్గరికొచ్చి జేబులోంచి దువ్వెన తీశారు. దువ్వుకుని, మీసం సవరించుకుని, తనని తాను చూసుకుని తృప్తిగా తల ఊపారు. మానిటర్ మీద ఉన్నదీ ఆ ముఖమే, అద్దంలో ఉన్నదీ ఆ ముఖమే. ఒకదాన్ని దొంగ అన్నారు, ఇంకోదానికి తల ఊపారు. నేను రెండింటినీ పక్కపక్కన చూశాను. అద్దంలో పుట్టుమచ్చ ఎడమవైపుంది. మానిటర్ మీద కుడివైపుంది. అరవై ఏళ్లుగా ఆయనకి తెలిసిన ముఖం అద్దంలోదే.

ఫోటోని అడ్డంగా తిప్పేసే ఆదేశం ఒకటుంది, ఫ్లిప్ అంటారు. ఒక్క నొక్కుతో అయిపోతుంది. తిప్పి, ఇది ఒకసారి చూడమని అద్దంలోకే చెప్పాను.

రాజు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. “ఆయ్. ఇదీ నేనంటే. ఇంతసేపూ ఎవరెవరినో చూపిస్తావేంటమ్మా?”

సీతాదేవి గారు లేచి వచ్చి చూశారు. ఈ పెద్దమనిషి ఎవరని అడిగారు. చొక్కా జేబు కుడివైపుకి వచ్చిందని, మూతి ఒక పక్కకి పోయిందని, పక్షవాతం వచ్చినట్టుందని అన్నారు. ఆవిడ రోజూ ఎదురుగా చూసే ముఖం అది కాదు మరి.

జేబు సమస్య చిన్నదే. దేహాన్ని ఉన్నట్టే ఉంచి, తల మటుకు తిప్పి అతికించొచ్చు. అతుకు మెడ దగ్గర పడుతుంది, భుజాన కండువా ఉంటే అదీ కనబడదు. మర్నాడు ఇద్దరినీ పెళ్లి పీటల తీరులో కూర్చోబెట్టి ఫోటో తీశాం. జాగ్రత్త కోసం ఇద్దరి తలలూ తిప్పి ప్రూఫ్ చూపించాను. అప్పుడు మొదలైంది అసలు తంటా.

సీతాదేవి గారు తనని తాను చూసుకుని మురిసిపోయారు. “నాది చక్కగా వచ్చిందమ్మా. ఆయన్నే పాడుచేశావు.”

రాజు గారికి అదే మాట తలకిందులుగా వచ్చింది. తాను బాగానే ఉన్నారట, పక్కన పీట మీద కూర్చున్నది ఎవరో పొరుగూరావిడట. ఆవిడకి కోపం వచ్చింది. “ఇన్నేళ్లు కాపురం చేసి మొహం గుర్తుపట్టలేరా అండీ?”

“నీకు నా మొహం గుర్తుందేంటి? పక్షవాతం అన్నావుగా.”

తలలు మామూలుగా పెట్టాను. ఇద్దరూ ఎదుటివాళ్లు బాగున్నారన్నారు, తాము మాత్రం బాగాలేరన్నారు. ఆయన తల తిప్పి, ఆవిడది మామూలుగా ఉంచాను. ఆయనకి అంతా నచ్చింది, ఆవిడకి ఏదీ నచ్చలేదు. ఆవిడది తిప్పి ఆయనది మామూలుగా ఉంచితే సరిగ్గా దీనికి ఎదురు. ఎన్ని రకాలుగా మార్చినా ఇద్దరికీ నచ్చే ఫోటో రాదని నాకు అప్పటికి అర్థమైంది. సత్తిబాబు గారు, ఇద్దరికీ ఇంకొంచెం రంగు తేల్చమని సలహా ఇచ్చారు. ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే. రాజు గారు మళ్లీ కారు మాటెత్తారు. సీతాదేవి గారి ముఖం అద్దంలో చిన్నబోయి కనబడింది.

అప్పుడు నేను ఉద్యోగంలో చేరాక అన్నిటికంటే పొడుగైన వాక్యం మాట్లాడాను. ఫ్లెక్సీలు రెండు వేద్దామండీ, ఒకటి మీకు నచ్చినట్టు, ఒకటి అమ్మగారికి నచ్చినట్టు, ఒకచోట ఉన్నవాళ్లకి రెండోది కనబడకుండా కడదాం అన్నాను. రాజు గారు ఆలోచించి, చెరువుల్లోనూ అంతే, ఒకదాని నీళ్లు ఇంకోదానికి కలపకూడదన్నారు. ఒప్పుకున్నట్టేనని సీతాదేవి గారు చెప్పారు.

కట్టేటప్పుడు తారుమారు కాకూడదని సత్తిబాబు గారు నన్నూ పంపించారు. రాజు గారు అతిథుల్ని ఆహ్వానించే చోటు కాబట్టి ఆయనకి నచ్చినది గేటు దగ్గర కట్టించాను. సీతాదేవి గారు తిరిగే వంటల పందిరి దగ్గర ఆవిడకి నచ్చినది. వచ్చినవాళ్లు గేటు దగ్గర ఒక రాజు గారిని చూసి, నమస్కారం పెట్టి, భోజనాల దగ్గర ఇంకో రాజు గారిని చూశారు. పుట్టుమచ్చ ఆ చెంప నుంచి ఈ చెంపకి మారిపోయింది. బంతిలో ఒకాయన, షష్టిపూర్తి ఇద్దరు అన్నదమ్ములకా అని అడిగాడు. పక్కాయన, గేటు దగ్గరది ఆపరేషన్‌కి ముందుదని సర్దిచెప్పాడు. రాజు గారికి ఏం ఆపరేషన్ జరిగిందన్న దాని మీద పూర్ణాలు వడ్డించేదాకా చర్చ నడిచింది. రెండింటిలో ఏది అందంగా ఉందని మాత్రం ఎవరూ అనలేదు. ఆ సంగతి ఫోటోలో ఉన్న ఇద్దరికి తప్ప ఇంకెవరికీ పట్టలేదు.

ఫోటోలు ఫ్రేములు కట్టించి ఇచ్చాను. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి పెట్టారని, ఎవరిది వాళ్లు చూసుకుంటున్నారని తర్వాత తెలిసింది.

2022లో స్టూడియో మూసేశారు. ఫోన్లు వాటంతటవే క్లీనింగ్ చేసి, రంగు తేల్చి, అడగకుండానే ముఖం తిప్పి చూపిస్తుంటే నాతో పనేముంది? అలా ముప్పై నిండకుండానే నేను రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఒకటుంది. ఒక మనిషి ముఖం ఎలా ఉందో తెలుసుకోవాలంటే, ముందు ఆ మనిషిని గదిలోంచి బయటికి పంపాలి. ముఖం ఎవరిదో వాళ్లకి తప్ప మిగతా అందరికీ అది తెలుసు.

మూసేస్తున్నారని విని, చివరి వారంలో రాజు గారు పాత ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేయించుకోవడానికి వచ్చారు. అద్దం అంతకుముందు రోజే ఎవరో కొనుక్కుని పట్టుకెళ్లిపోయారు. ఇక తప్పక కుర్చీ తిప్పి ఆయన్ని నేరుగా చూశాను. పుట్టుమచ్చ సీతాదేవి గారికి నచ్చిన ఫోటోలో ఉన్న చెంపనే ఉంది. మూతి కూడా సరిగానే ఉంది. రెండు ఫైళ్లూ వేసి, ఏది ఏదో చెప్పి, పెన్‌డ్రైవ్ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని జేబులో వేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగారు. “నేను పోయాక గోడకి పెట్టే ఫోటో మాత్రం మా ఆవిడకి నచ్చిందే వేయించమని మా వాళ్లకి చెప్పమ్మా. అప్పుడు చూసుకునేది నేను కాదు గదా.”