పూలమ్మ కోసిన అద్దాలు

మదనపల్లె బట్టల అంగట్లో పూలమ్మ నోటికి షావుకారు దండం పెట్టిన రోజు జతగా పోయిన చిన్నక్క పక్కనే ఉండాది. ఆ మహానుభావుడు సుగాలోళ్ల పెండ్లి పావడను గడప ముందర పరిచినాడు, వచ్చేపొయ్యేవాళ్లు కాళ్లు తుడుచుకునేదానికి!

"ఏమప్పా, మీ అమ్మ పెండ్లి చీర ఎప్పుడు పరుస్తావు ఈడ?" అనింది పూలమ్మ.

"పాతగుడ్డేలేమ్మా."

"గుడ్డా? ఈ గవ్వలు కడుపు పండాలని. ఈ అద్దాలు మొగుని మీద దిష్టి పడకుండా. తొక్కు, తొక్కు, నీ ఇంటికే తగులుతాది!"

షావుకారు పావడ దులిపి, కండ్లకద్దుకుని, ఆమె చేతిలోనే పెట్టినాడు.

పుంగనూరు దగ్గర వాళ్ల తాండాలో ఏ పిల్ల పెండ్లికైనా పూలమ్మ కుట్టిన పావడే, పూలమ్మ కుట్టిన రవికే. ఆమె మొగుడు శ్రీరాములు నాయక్ మాత్రం గ్రానైట్ పనికని కుప్పం పోయి, ఆడ ఇంకొకదాన్ని పెట్టుకున్నాడు. ఆ తాండాలో మొగుడు సచ్చిపోతేనే ఆడదాని రవిక మీది అద్దాలు తీస్తారు. అందుకని పూలమ్మ, ఒక అద్దం రాలితే ఆ పొద్దే ఇంకొకటి కుట్టుకునేది. "ఎవరికోసమే ఈ సోకు?" అని ఎగతాళి చేస్తే, "వాడు యాడుంటే ఏం, ఊపిరుండాది గదా! నీకేం నొప్పి?" అనేది.

మొన్న మనవరాలి రవిక కోసం చిన్నక్క పోతే, పూలమ్మ వాకిట్లో కూర్చుని బ్లేడుతో తన రవిక అద్దాలు కోస్తాండాది. చిన్నక్క గబగబా గడపలోకి వచ్చింది.

"అయ్యో! నాయక్ పోయినాడా? ఎప్పుడే?"

"నిన్న వచ్చినాడు. కోడికూర తిన్నాడు. మూతి తుడుచుకుని సంచిలోంచి కొత్త ఎర్రగుడ్డ తీసినాడు. ఆ కుప్పందాన్ని మనువాడతాడంట. దానికి పెండ్లి పావడ నేను కుట్టాలంట. 'నీ చేతి కుట్టు యాడా లేదే పూలీ' అన్నాడక్కా."

చిన్నక్క తల దించి చూస్తే, గడపలో తన కాళ్ల కిందుండేది ఆ ఎర్రగుడ్డే. నిప్పు తొక్కినట్ల పక్కకు దూకింది.

"మొగుడు బతికుండంగా అద్దాలు తీస్తే తాండా ఊరుకుంటాదా? వెలేస్తారే నిన్ను!"

"ఏసుకోనీ."

కడపటి అద్దం కూడా కోసి, అన్నీ టిఫిన్ డబ్బాలో పోసి, మూత బిగించి చిన్నక్క చేతిలో పెట్టింది పూలమ్మ.

"ఆదివారం కూతురింటికి కుప్పం పోతాండావు గదక్కా. ఇది వాని చేతికే ఇయ్యి. 'పూలమ్మ మొగుడు సచ్చిపోయినాడప్పా, దినాలకు నువ్వు తప్పకుండా రావాల' అని పిలిచి రా."