అకార్డియన్ తిత్తికి నాలుగు పొక్కలు

నా చిన్నప్పుడు మేము బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. పక్కింటి తాత డ్యూటీ దిగి రాగానే అరుగు మీద కూర్చుని, తిత్తిని సాగదీస్తూ మూస్తూ మెట్లు నొక్కే అకార్డియన్ పెట్టెను వాయించేవాడు. పెళ్లిళ్ల బ్యాండులో ఆయన పని అదే. కొత్త పాట చేతికి వచ్చేదాకా ఒకే ముక్కను పదిసార్లు తిప్పితిప్పి వాయించేవాడు. సరిగ్గా ఆ వేళకే రేడియోలో నాకిష్టమైన పాటలు వచ్చేవి. ఆ పెట్టె నన్ను ఏడిపించడానికే పుట్టిందనిపించేది.

ఒకరోజు వాయించడం అయ్యాక తాత పెట్టెను అరుగు మీదే ఉంచి మంచినీళ్లకని లోపలికి పోయాడు. నేను పిన్నీసు తీసి, గాలి ఆడే తిత్తి మడతల్లో నాలుగు చోట్ల పొడిచి పొక్కలు చేసి పారిపోయాను.

మర్నాడు తాత ఎంత లాగినా గాలి తుస్సుమని పోయింది, పాట మధ్యలోనే చతికిలబడింది. మొదట నాకు సంతోషమే అయింది. మూడో రోజు ఆయన మా అవ్వతో అంటున్న మాట విన్నాను.

“దీని పని అయిపోయింది అక్కా. నా తీర్గనే దీనికి గూడ దమ్ము సాలుత లేదు. ఎల్లుండి నవీపేట పెండ్లికి నేను రానని చెప్పి పంపుత.”

జబ్బుమనిషి వీపు నిమిరినట్టు ఆ పెట్టెను నిమురుతున్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. సాయంత్రం పోయి ఆయన ముందు నిలబడ్డాను. మాట కంటే ముందు ఏడుపు వచ్చింది.

“తాతా, అది ముసలిదై కాదు. నేనే పిన్నీసుతోని పొడిసిన.”

కొడతాడనుకున్నాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

“పొక్కలేనా! బతికిచ్చినవ్ బిడ్డా. లోపల మొత్తం ఖరాబైందనుకొని రెండు దినాల సంది పానం పానంల లేదు.” అంతలోనే గొంతు గట్టి చేశాడు. “పొడిసిన చెయ్యే మూయాలె. ఏడేడ పొడిసినవో సూపెట్టు.”

నాలుగు చోట్లకూ పలచటి తోలుముక్కలు ఆయన కత్తిరించి ఇచ్చాడు, నేను జిగురు రాసి అంటించాను. మర్నాడు ఆరేదాకా ఆగి, నా అరచేతిని మడతల మీద పెట్టించి వాయించాడు. గాలి తగలలేదు. నా గుండెల్లో బరువు దిగిపోయింది. ఆ నెమ్మదిలో మొదటిసారి పాటను చెవిపెట్టి విన్నాను. కుడిచెయ్యి పాట పాడుతుంటే ఎడమచెయ్యి దానికి తాళం వేస్తోంది, తిత్తి మనిషిలాగే ఊపిరి తీస్తోంది. ఒక్క మనిషి ఒళ్లో ఇంత మేళమా అని నోరు తెరిచాను. తాత పెండ్లికి పోయాడు. నేను రేడియో మాని రోజూ ఆ అరుగు మీదికే చేరాను.

ఇప్పుడు నాకు మనవలున్నారు. నా చేత ఏదన్నా చెడితే ఆలస్యం చేయకుండా వెళ్లి చెప్పేస్తాను. నేను నోరు విప్పని ఆ కాసేపట్లో, అసలు సంగతి తెలియక అంతా పోయిందనుకుని ఎవరో ఒకరు కుమిలిపోతుంటారని నాకు తెలుసు.